విషమును దాచుట

ఇంటిలో వస్తువులను దాచుట మన పని. ఉప్పు చెమ్మగిల్లకుండ, బెల్లమునకు చీమ పట్టకుండ, పప్పునకు పురుగు సోకకుండ, మామిడికాయ తొక్కు ఏడాది పొడవునను బూజెక్కకుండ ఏది ఏ పాత్రలో ఏ తావున నుంచవలెనో తల్లులును అత్తలును మనకు నేర్పిరి. విషమును దాచు విధము మాత్రము మాకెవ్వరును నేర్పలేదు. దానిని మేము నేర్చుకొన్న తీరు చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. అయినను చెప్పక తప్పదు. ఏలయన ఈ వ్యాసమున వ్రాయబోవు పెద్ద విషయము మా కంటికి ఆనినది ఆ చిన్న సంగతి వలననే.

నాలుగేండ్ల క్రిందట మా వారికి పాత ఆదిలాబాదు జిల్లాలో నొక పల్లె బడికి బదిలీ యైనది. పత్తి పండు నల్లరేగడి నేల. ఒక రైతు ఇంట రెండు గదులు అద్దెకు తీసికొంటిమి. చిన్ననాట జబ్బు మనిషినగుటచే మేము బడికి పోయి చదువుకొన్నవారము కాము. మా నాయనగారు ఇంటనే కూర్చుండబెట్టి భారత భాగవతములు చెప్పిరి. ఆ పుస్తకములున్న చెక్క పెట్టెయే మాకు బడి. ఎచ్చటికి బదిలీ యైనను అది మా వెంట వచ్చును. ఆ యేడు వానలు వెనుకబట్టిన పిమ్మట పెట్టె తెఱచి చూతుము గదా, అడుగున చెదలు! భారతము రెండు పర్వములు మన్నై పోయెను. మేము ఏడ్చినంత పని చేసితిమి.

ఇంటి యజమానురాలు మంచి మనిషి. “గింత మందు పోస్త తియ్యమ్మా, నీళ్లల్ల కలిపి పెట్టె కింద రాయుండ్రి” అని పత్తికి కొట్టగా మిగిలిన పురుగుల మందు తెచ్చి ఇచ్చెను. రాసితిమి, చెదలు పోయెను. మిగిలినదానిని పారబోయుటకు చేతులు రాలేదు. మిగిలినది ఏదైనను దాచుకొనుట మన ఆడువారి స్వభావము గదా! ఖాళీ షర్బతు సీసాలో పోసి, మూత బిగించి, తెల్లకాగితము అంటించి, దాని మీద “విషము” అని గుండ్రని అక్షరములతో వ్రాసి, గోడ గూటిలో పై అరన పెట్టితిమి. ఆ అక్షరములు అందముగా కుదిరినవని మురిసికొన్న మాట కూడ దాచనేల? మా చిన్నవానికి అప్పటికి మూడేండ్లు నిండలేదు.

పీట మీద పీట వేసికొని వాడు ఎక్కినాడు. సీసా షర్బతు సీసాయే. మందు కొంచెము ఎఱ్ఱగా నుండెను. మేము వంటయింట నుండి వచ్చి చూచునప్పటికి నోటివెంట నురుగు, ఒడలంతయు చెమట, కంటిపాపలు ఆవగింజలంత. ఇంటాయన తన మోటారు బండి నడుపగా మా వారు వానిని ఒడిలో పట్టుకొని పట్టణమునకు పోయిరి. వెనుక బస్సులో మేము. కడుపు కడిగి, అట్రోపిను సూదులు వేయుచు, తొమ్మిది దినములు కనిపెట్టి చూచిరి. భగవంతుని దయవలన వాడు దక్కెను. ఇప్పుడు రెండవ తరగతి చదువుచున్నాడు. సీసా మీద చీటీ అంటించితిమని మేము చెప్పుకొనగా అక్కడి వైద్యురాలు కోపగింపక, “చీటీ చదువుటకు వానికి రాదు గదమ్మా!” అనెను. ఆ మాట నేటికిని మా చెవిలో నున్నది.

సీసాలో సగము మిగిలెను. మోరీలో పోసిన వాగులో కలియును. వాగు నీరు పశువులు త్రాగును. ఇంట నుంచుకొనుటకు గుండె లేదు. కడకు మా వారు ఒక కుండలో బూడిద పోసి, నడుమ సీసా నుంచి, పొలము గట్టున చింతచెట్టు మొదట మోకాలి లోతున పాతిపెట్టి వచ్చిరి. పీడ విరగడైనదనుకొంటిమి. మఱుసటి వేసవి సెలవులలో కరీంనగరము ప్రక్కకు బదిలీ వచ్చెను. ఆ సీసా మాట మఱచితిమి.

ఇక అసలు సంగతి. మా పెద్దమ్మాయి తొమ్మిదవ తరగతి. ఈ మధ్య ఒకనాటి రాత్రి భోజనముల వేళ తండ్రి నడిగినది: “బాపూ, రామగుండంల బొగ్గు కాలినంక బూడిద చెర్వులల్ల పోస్తరు గద. మరి అణువు కాలినంక దాని బూడిద ఏడ పోస్తరు?” మా వారు బడిపంతులు, ప్రశ్న దొరికిన అన్నము మఱతురు. మేము వడ్డించుచు వినుచుంటిమి. “ఆ బూడిదను ముట్టరాదు, దగ్గర నిలువరాదు, పారబోయరాదు, కాల్చరాదు, దాచవలెను” అని వారు చెప్పునప్పటికి మా చేతిలోని గరిటె ఆగిపోయెను. అటు తరువాత వారిచేత పుస్తకములు తెప్పించుకొని, అర్థము కానివి అడిగి తెలిసికొని, మా కెఱుకపడినంత వఱకు వ్రాయుచున్నాము.

మన తెలంగాణమున అణువిద్యుత్కేంద్రము లేదు. అట్లని ఆ బూడిదతో మనకు పొత్తు లేదనుటకు వీలులేదు. కల్పాక్కము, కైగా కేంద్రముల కరెంటులో మనకును పాలు కలదు. వానిలో మండు యురేనియము కడ్డీలు తయారగునది మన హైదరాబాదులోని అణు ఇంధన సముదాయమున. అది 1971లో వెలసినది. కావున మన ఇంట వెలుగు దీపము వెనుక ఆ బూడిద చిటికెడైనను ఉన్నదనియే మా లెక్క.

బూడిద యనుట పేరునకు మాత్రమే. అందు సీజియము, స్ట్రాంషియము మొదలైన పదార్థములు కొన్ని కలవు. అవి తమంత తామే తరుగుచుండును. సుమారు 30 ఏండ్లకు సగమగును, మఱి 30 ఏండ్లకు ఆ సగములో సగము. ఈ లెక్కన 300 ఏండ్లకు వేయింట ఒక వంతు మిగులును. ఇంతవఱకు ఫరవాలేదు. కాని ప్లుటోనియము సగమగుటకు 24,000 ఏండ్లు పట్టును. అందువలన మండిన కడ్డీలను లక్ష సంవత్సరములు జీవకోటికి దూరముగా నుంచవలెనని లెక్కవేయుచున్నారు. కాకతీయుల గుడులు మనకు పురాతనములు. వానికి నిండినవి 800 ఏండ్లు.

ఈ లెక్క విన్నప్పుడు మాకు అష్టమ స్కంధములోని క్షీరసాగర కథ తోచినది. హాలాహలము పుట్టినప్పుడు దానిని పారద్రోలుటకు చోటు లేకపోయెను. శివుడు మ్రింగనూ లేదు, ఉమియనూ లేదు; కంఠమున నిలిపెను. అందఱకు తెలిసిన కథయే. అందు తక్కువమంది తలచుకొను ముక్క ఒకటున్నది. త్రాగునప్పుడు ఆ దేవుని అరచేతి నుండియు నాలుగు చుక్కలు జారినవట. వానిని పాములు, తేళ్లు, విషపు మొక్కలు పుచ్చుకొన్నవట. పరమేశ్వరుని చేతి నుండియే కారినప్పుడు మనుష్యుని చేతి పాత్ర మాట చెప్పవలెనా? ఈ పని చేయువారు దీనినే మొదటి మాటగా పెట్టుకొన్నట్లు కనబడుచున్నది. ఏ ఒక్క గోడనూ వారు నమ్మరు. ఒకటి పోయిన వెనుక మఱియొకటి, అది పోయిన ఇంకొకటి. పైగా ఒక్కొక్క దాని స్వభావము వేఱుగా నుండవలెను, అన్నియు ఒకే కారణమున చెడకుండుటకు.

మన దేశమున మండిన కడ్డీలను కరగించి, అందు మఱల పనికివచ్చు దానిని తీసికొని, మిగిలిన విషపు ద్రవమును గాజుగా మార్చుదురు. దీనిని గాజు సీసాలో పోయుట యనుకొనరాదు. మేమును మొదట అట్లే అనుకొంటిమి. గాజు పదార్థములతో కలిపి సుమారు వేయి డిగ్రీల వేడిలో కరగించి ముద్ద చేయుదురు. మన చేతి గాజులలోని రంగు చూడుడు. గాజు పగిలినను రంగు చేతికి అంటదు, నీటిలో నానవేసినను దిగదు. ఏలయన రంగు గాజు మీద లేదు, గాజే ఆ రంగు. అట్లే ఆ విషమును గాజుతో ఏకము చేయుదురు. దానిని తుప్పు పట్టని ఉక్కు పాత్రలలో పోసి మూత అతికి, తారాపురమున గాలి ఆడు కట్టడములలో చల్లారనిచ్చుచున్నారు. చల్లారుట యనగా పూటలోనో నాడులోనో కాదు, కొన్ని దశాబ్దములు. తరువాత నేలలోతున పాతర వేయవలెనని తలంపు. ఆ పాతరను మన దేశమున ఇంకను త్రవ్వలేదు.

పాతర యన్న మాట మనకు క్రొత్త కాదు. మా అత్తమ్మ పుట్టింట జొన్నలకు పాతర ఉండెడిదట. మెరక చోటు చూచి త్రవ్వి, అడుగునను చుట్టును గడ్డి పఱచి, గింజ పోసి, పైన మరల గడ్డి కప్పి, మట్టితో మెత్తి, వాన నీరు నిలువకుండ గుట్టవలె పోసెడివారట. మెరక, గడ్డి, మట్టి, గుట్ట: నాలుగును నీటితో పోరాటమే. అణుపాతర వారికిని పగ నీటితోనే. లోతున నున్న విషము పైకి రావలెనన్న దానిని మోసికొని వచ్చునది నీరు తప్ప మఱియొకటి లేదు.

ఈ పాతరను నిజముగా త్రవ్వినవారు ఫిన్లాండు దేశస్థులు. ఓల్కిలువోటో అను దీవిలో 430 మీటర్ల లోతున, 190 కోట్ల ఏండ్ల నాటి రాతిలో, 2004 నుండి త్రవ్విరి. దానికి ఓన్కాలో అని పేరు. 2024లో విషము లేని ఉత్త పాత్రలతో సాధన ఆరంభించిరి. స్వీడను వారు ఫోర్స్‌మార్కు వద్ద అట్టిదే కట్టుటకు 2022లో వారి ప్రభుత్వము అనుమతించెను. 2025లో పని మొదలయ్యెను. వీరు గాజు చేయరు. కడ్డీలను ఉన్నవి ఉన్నట్లే పోత ఇనుము దిమ్మెలో నిలిపి, దానికి 5 సెంటీమీటర్ల మందమున రాగి తొడుగుదురు. నిండిన పాత్ర 25 టన్నుల బరువట. రాగి యేల యని మేమడిగితిమి. గాలి సోకని నీటిలో రాగి చెడదు కనుక నట. అయితే రాగికిని దాని గండము ఉన్నది. కళాయి లేని రాగి గిన్నెలో పులుసు పెట్టినవారికి అది చెప్ప నక్కఱలేదు. అక్కడ పులుసు లేకున్నను రాతి నీటిలో గంధకపు జాతి సల్ఫైడు ఉండును. అది రాగిని తినును. ఎంత వేగముగా తినునను దానిని గూర్చి స్వీడనులో పండితులు ఏండ్ల తరబడి వాదించిరి. 2018లో అక్కడి పర్యావరణ న్యాయస్థానము కూడ ఆ సందేహములు తీరవలెననెను. మాకు ఆ వాదము చదువగా భయము కలుగలేదు సరికదా, కొంత ధైర్యమే కలిగెను. సందేహమును నోరార చెప్పుకొను ఇంట విషము భద్రముగా నుండును. మేము మా సీసాను గూర్చి ఒక్కరితోనైనను వాదించి యుంటిమా?

రాగి పాత్ర చుట్టును మట్టి. మేము నోరు వెళ్లబెట్టి చదివినది ఈ భాగమునే. బెంటొనైటు అను బంకమన్నును గట్టిగా అదిమి దిమ్మెలు చేసి, పాత్రకును రాతికిని నడుమ 35 సెంటీమీటర్ల మందమున పేర్చుదురు. రాతి సందుల నుండి నీరు ఊరి వచ్చి తాకినప్పుడు ఆ మట్టి ఉబ్బును. ఉబ్బుటకు చోటు లేదు; చుట్టును రాయి, నడుమ రాగి. అందుచే తన్ను తాను బిగించుకొని, ఉన్న సందులన్నియు పూడ్చివేయును. అటుపైన అందు నీరు పారదు. చెమ్మ మాత్రము మిక్కిలి మెల్లగా పాకును. రాగి పాత్ర చిల్లిపడి విషము వెలికి వచ్చినను పెక్కు పదార్థములను ఆ మట్టి తనలో అంటించుకొని పట్టుకొనును. రాయి కొంచెము కదలినను మెత్తగా ఒదిగి పాత్రకు దెబ్బ తగులనీయదు. గోడ, వడపోత, పఱుపు: మూడును ఆ మట్టియే.

మా వారు ఇంతవఱకు చెప్పి, “ఈ మట్టిని నీవు ఎఱుగుదువు” అనిరి. మేమెఱుగమంటిమి. “ఆదిలాబాదులో దాని మీదనే గదా కాపురము చేసితివి” అనిరి. నల్లరేగడిలో ఉబ్బు గుణము కలిగించునదియు, బెంటొనైటులో నుండునదియు ఒకే జాతి ఖనిజమట! వానాకాలమున కాళ్లకు పట్టి చెప్పును ఊడబెఱుకు మన్ను అదియే; గోడలను పైకెత్తి పగులగొట్టు మన్ను అదియే. ఎన్నిమార్లు దానిని తిట్టుకొంటిమో! ఆ దేశములవారు దిమ్మెలు చేసి పూజ్యముగా పేర్చుకొను మట్టికి చుట్టమైన దానిని మేము గుమ్మము ముందు గీకి పారవేసితిమి.

కాని నల్లరేగడికి ఇంకొక గుణము కూడ కలదు. ఎండాకాలమున అది నెఱ్ఱెలు విచ్చును. కోడిపిల్ల పడిన మఱల దొరకనంత లోతు నెఱ్ఱెలు మేము చూచినాము. వాన పడగానే ఆ నెఱ్ఱెల వెంట నీరు తిన్నగా లోనికి దిగును. పాతరలోని మట్టికి ఇది కలుగకూడదనియే దానిని ఎండ సోకని లోతున, తడి ఆరని తావున, నలువైపుల అదిమి యుంచుట. విషపు పాత్ర తానే వేడి పుట్టించును గనుక మట్టి ఎండిపోకుండ, చెడకుండ, ఆ వేడి 100 డిగ్రీలు దాటనీయరు. అందుకే పాత్రలను దూరదూరముగా పెట్టుదురు. అందుకే ముందుగా దశాబ్దములు చల్లార్చుదురు. మట్టి మంచిదగుట చాలదు; దానిని ఉంచిన తావును మంచిదై యుండవలెను. ఈ వాక్యము చదివినప్పుడు చింతచెట్టు మొదట మోకాలి లోతున, ఏటేట నెఱ్ఱెలు విచ్చు ఆ మన్నులో మేము పాతిన కుండ జ్ఞప్తికి వచ్చెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మట్టికి ఆవల రాయి. రాయి సంగతి కరీంనగరము వారికి ఒకరు చెప్పవలెనా? మా చుట్టునున్న గుట్టలు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటివని చెప్పుదురు. వానిని కోసి, పలకలు చేసి, రైళ్లలో కాకినాడ రేవునకు పంపి, అక్కడ నుండి దేశాంతరములకు ఎగుమతి చేయుచున్నారు. అంత గట్టి రాయి యుండగా ఇన్ని గోడలేల యని తోచవచ్చును. దానికి బదులు మా వీధి బోరుబావులే. మా ఇంటి బోరు 180 అడుగులకు నీరు పడెను. పది గజముల దూరమున పొరుగువారు 400 అడుగులు దింపినను తెల్లని దుమ్మే లేచెను. రాయి గట్టిదే, కాని అందు పగుళ్లు కలవు, నీరు ఆ పగుళ్ల దారినే నడచును. ఎచ్చట పగులున్నదో పైనుండి చూచి చెప్పుట కష్టము. పాతర త్రవ్వువారు ఒక్కొక్క గుంటను పరీక్షించి, పెద్ద పగులు తగిలిన గుంటను వదలివేయుదురు. అప్పు చేసి వేయించిన బోరును మనము అట్లు వదలగలమా?

మన దేశములో ఈ సాధన జరిగిన చోటు కోలారు. అది కర్ణాటకమున నున్నను ఆ సీమ ఇండ్లలో తెలుగు మాట విరివిగా వినబడును. అక్కడి బంగారు గనిలో 1980వ దశాబ్దమున, సుమారు వేయి మీటర్ల లోతున, రాతిలో విద్యుత్తుతో వేడెక్కు కడ్డీలను అమర్చి, విషపు పాత్ర వేడికి రాయి ఎట్లుండునో చూచిరి. విషము మాత్రము దింపలేదు. గనులు 2001లో మూతపడెను. 2012లో కూడంకుళము బూడిదను ఆ గనులలోనే వేయుదురను మాట పొక్కగా కోలారు ప్రజలు ఉడికిపోయి వీథులకెక్కిరి. అట్టి యోచన లేదని ప్రభుత్వమువారు చెప్పవలసి వచ్చెను. వారి భయమును అజ్ఞానమనుటకు మా మనసొప్పదు. బంగారము తీయగా మిగిలిన సయనైడు మట్టి దిబ్బలు ఆ ఊరి ప్రక్కనే కొండలవలె పడియున్నవి. గాలి వీచిన దుమ్ము ఇండ్లలోనికి వచ్చును. ఒక విషమును ఏ గోడయు లేక ఇంటి ముంగిట పోసి పోయినవారి తరువాత మఱియొక విషమునకు పది గోడలు కట్టెదమని వచ్చినవారిని ఎవరు నమ్ముదురు?

గోడలు కట్టినను చేయి జారుట కలదు. జర్మనీలో ఆస్సె అను ఉప్పు గనిలో 1967 నుండి 1978 వఱకు లక్షకు పైగా పీపాలు దింపిరి. గనిలోనికి నీరు ఊరుచుండుటచే వానిని మఱల పైకి తీయుటకు 2013లో చట్టము చేసికొనిరి. దానికన్న మాకు ఎక్కువగా పట్టినది అమెరికా కథ. న్యూ మెక్సికో రాష్ట్రమున ఉప్పు పొరలో 650 మీటర్ల లోతున పాతర యున్నది. 1999 నుండి నడుచుచున్నది. ఆ దేశమున పిల్లులను పెంచువారు వాని మలమూత్రములకై పళ్లెరములో ఒక విధమైన మట్టి పోయుదురు. ఆ మట్టి చెమ్మను పీల్చును గనుక పీపాలలోని తడికి కూడ అదియే కలుపుచుండిరి. ఒకప్పుడు దానికి బదులుగా గోధుమతో చేసిన పిల్లి పొడి కలిపిరి. ధాన్యపు జాతి పదార్థము, లోపల నున్న నైట్రేటు లవణములు కలిసి లోలోన వేడెక్కెను. 2014 ఫిబ్రవరి 14వ నాటి రాత్రి ఒక పీపా పగిలెను. విషపు రేణువులు కొంత పైకి కూడ వచ్చెను. మూడేండ్లకు దగ్గరగా ఆ పాతరలో విషము దింపుట మానుకొనిరి. కోట్లు పోసి కట్టిన దానిని పిడికెడు పొడి పాడుచేసెను. వంటయింట ఒక దినుసునకు బదులు మఱియొకటి వేసి చెడగొట్టుకొన్నవారమే గనుక మనము నవ్వరాదు.

ఇక చీటీ మాట. ఇన్ని గోడల లోపల విషమున్నదని పైన ఒక గుర్తు పెట్టవలెనా, మానవలెనా అని ఆయా దేశములలో పెద్ద చర్చ నడచినది. గుర్తు పెట్టిన, తరువాతివారు దానిని నిధి యనుకొని త్రవ్వుదురేమో! పెట్టకున్న, ఎఱుగక త్రవ్వుదురేమో! పెట్టినను ఏ భాషలో? మొన్న మాఘమాసమున బడిపిల్లలతో కూడ మేము గంగాధర మండలములోని కురిక్యాల గుట్టకు పోయి చూచితిమి. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన శాసనము ఆ బండ మీద నున్నది. అందు మన తెలుగు కందపద్యములు మూడు కలవు. కందములు వందల కొలది నోటికి వచ్చిన మేము ఆ అక్షరములను వ్రేలితో తడిమి ఒక్క పాదమైనను కూడబలుకుకొనలేకపోతిమి. మా వారు అచ్చు పుస్తకము చూచి చదువగా గాని అది మన తెలుగని తెలియలేదు. వేయి ఏండ్లకే మా గతి ఇది. లక్ష ఏండ్ల తరువాతివాడు మా చిన్నవానివంటి వాడే. పీట వేసికొని ఎక్కుట వచ్చును, చదువుట రాదు.

ఫిన్లాండు వారి యోచన దీనికి తగినట్లే యున్నది. నింపుట ముగిసిన పిమ్మట దారులన్నియు పూడ్చి, కాపలా లేకున్నను, ఎవరికిని జ్ఞప్తి లేకున్నను, చెడనట్లుగా కట్టవలెనని వారి పట్టుదల. గుర్తు పెట్టిన మంచిదే. కాని గుర్తు మీద ఆధారపడరాదు. ఈ మాట మాకు వైద్యురాలి నోట మొదట వినబడినది.

నిద్ర పట్టని ఆ రాత్రి తెల్లవారగానే ఆదిలాబాదులోని మా పాత ఇంటి యజమానురాలికి ఫోను చేసితిమి. కుశల ప్రశ్నలైన తరువాత గట్టు మీది చింతచెట్టు బాగున్నదా యని అడిగితిమి.

“చింతచెట్టు ఏడున్నదమ్మా! రెండేండ్లాయె కొట్టి. గా చెల్క అమ్మినం. కొన్నోల్లు గట్టు గూడ దున్ని కలిపిన్రు.”

“అక్కడ ఎవరైన ఉంటున్నారా?”

“కొట్టం ఏసుకున్నరు. బోరు గూడ ఏసిన్రు, గాడనే. మంచిగ పడ్డయి నీళ్లు.”

మేము సీసా సంగతి చెప్పితిమి. ఆమె కొంత సేపు మాటాడలేదు. తరువాత, “అప్పుడే చెప్పకపోతిరి అమ్మా” అనెను. ఆ మాటకు మా యొద్ద బదులు లేదు. చెట్టు గుర్తున్నది గదా యని ధీమాతో నుంటిమి. చెట్టును కొట్టివేయుదురని తోచలేదు. మోకాలి లోతున ఎవరు త్రవ్వుదురులే యనుకొంటిమి. నాగలి యంత దిగదని ట్రాక్టరు మాట మఱచితిమి. బోరు వేయుదురని కలలోనైనను అనుకొనలేదు.

మా వారు వ్యవసాయాధికారిని కలిసి, దొరికిన దానిని ఎట్లు తీయవలెనో, ఎవరికి అప్పగింపవలెనో కనుగొని వచ్చిరి. చేతి తొడుగులు, మూత గట్టిగా పట్టు ప్లాస్టిక్కు డబ్బా, గడ్డపార సిద్ధము చేసికొంటిమి. వచ్చు ఆదివారము తెల్లవారుజామున బస్సు. సీసా దొరకునో లేదో, దొరికినను పగిలి యుండునో తెలియదు. బోరు నీటిని కూడ ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపవలెనని అధికారి చెప్పిరి. అంతవఱకు ఆ నీరు త్రాగవద్దని కొన్నవారి ఇంటి కోడలికి నిన్న సాయంత్రము మా యజమానురాలి చేత కబురు పంపితిమి. మొదట ఉత్తరము వ్రాసి పంపుదమనుకొంటిమి గాని, ఆ పిల్లకు చదువు రాదట. పోయి ఎదుట నిలిచి నోటితో చెప్పవలెను.